స్కూళ్ళ మధ్య రగ్బీ టోర్నీ పెట్టాలంటే ముందు రూల్స్ కాగితం రాయండి

మన విజయవాడ, గుంటూరు సైడు ఏదైనా స్కూల్ టోర్నమెంట్ అనుకోగానే ముందు వచ్చే మాటలు కప్పు ఎంతలో వస్తుంది, చీఫ్ గెస్ట్ ఎవరు, ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలి. రగ్బీ పెడదాం అని ఎవరైనా నా దగ్గరకి వస్తే నేను మాత్రం ఒకటే అడుగుతా, గొడవ వస్తే తేల్చేది ఎవరు అని. దీనికి జవాబు లేకపోతే టోర్నీ వాయిదా వేసుకోండి, ఏం పర్లేదు. ఇది ఒళ్ళూ ఒళ్ళూ గుద్దుకునే ఆట, ఆడేది పిల్లలు, ఇందులో పెద్దవాళ్ళ ఈగోలు కూడా కలిస్తే దెబ్బ తగిలేది పిల్లోడికే.

అందుకని మొదటి పని కమిటీ. ఒకటి కాదు, రెండు కావాలి. మ్యాచులు నడిపే కమిటీలో ఆడే స్కూళ్ళ పీఈటీలు, పీడీలు ఉండొచ్చు, వాళ్ళు లేకుండా అసలు పని జరగదు. గొడవలు తేల్చే కమిటీలో మాత్రం ఆ టోర్నీలో టీమ్ ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా ఉండకూడదు. రిటైరైన పీడీ ఒకరు, డాక్టర్ ఒకరు, టీమ్ పంపని స్కూల్ హెచ్‌ఎం ఒకరు, ఒక మహిళా టీచర్, ఆడే పిల్లలు ఇంట్లో లేని పేరెంట్ ఒకరు, ఐదుగురు చాలు. టోర్నీ పెట్టిన స్కూల్ కరస్పాండెంట్ గారిని గౌరవంగా స్టేజీ మీద కూర్చోబెట్టండి గానీ ఈ కమిటీలో వద్దు. డబ్బు పెట్టినాయన చేతిలోనే తీర్పు కూడా ఉంటే బయట స్కూల్ వాళ్ళు రెండో ఏడాది రారు.

రెండో పని, రూల్స్ మొత్తం రెండు మూడు పేజీల్లో తెలుగులో రాసి, డ్రా తియ్యకముందే అన్ని స్కూళ్ళ చేత సంతకం పెట్టించుకోవడం. డ్రా అయ్యాక రాసే రూలు ఎంత మంచిదైనా అది ఎవరో ఒకరి కోసం రాసినట్టే కనపడుతుంది. ఈ మీటింగ్‌కి ప్రతి టీమ్ కెప్టెన్‌ని కూడా పిలవండి, పిల్లలకేం తెలుసు అనకండి. ఇంగ్లండులో రగ్బీ అనే పేరున్న స్కూల్లో 1845లో ఈ ఆట రూల్స్‌ని మొదటిసారి కాగితం మీద పెట్టింది అక్కడ చదువుకునే కుర్రాళ్ళే, మాస్టార్లు కాదు. మన తొమ్మిదో క్లాసు పిల్లోడికి రూలు ఎందుకు పెట్టామో చెప్తే వాడే గ్రౌండులో మిగతా వాళ్ళని ఆపుతాడు.

ఇంక ఏ ఆట పెట్టాలి అంటే, సెవెన్స్, అంటే టీముకి ఏడుగురి రగ్బీ పెట్టండి, పదిహేను మంది ఆట జోలికి వెళ్ళొద్దు. పదిహేను మందితో ఆడాలంటే స్క్రమ్‌లో (రెండు టీముల వాళ్ళూ వంగి ఒకరినొకరు పట్టుకుని బాల్ కోసం తోసుకోవడం) ముందు వరస వాళ్ళకి మెడ బలం, ఏళ్ళ ట్రైనింగ్ కావాలి, మన దగ్గర అంతమంది కోచులు లేరు. సెవెన్స్‌లో గ్రౌండులో ఏడుగురు, స్క్వాడ్‌లో 12 మంది, ఏడేసి నిమిషాల రెండు హాఫ్‌లు, మధ్యలో రెండు నిమిషాల లోపు బ్రేక్. స్కాట్లండులో మెల్‌రోజ్ అనే చిన్న ఊరి క్లబ్బుకి డబ్బుల ఇబ్బంది వస్తే నెడ్ హేగ్ అనే కసాయి పనివాడు ఇచ్చిన ఐడియాతో 1883లో ఇది మొదలైంది, అదే 2016 రియో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. తక్కువ మందితో తక్కువ ఖర్చుతో అయిపోవడానికే పుట్టిన ఆట కాబట్టి జిల్లా పరిషత్ స్కూల్ కూడా టీమ్ దింపగలదు. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా సెవెన్సే, అందులో హైదరాబాద్ హీరోస్ అని మన పక్క టీమ్ ఉంది, పిల్లలకి చూపించండి, చెప్పే పని సగం తగ్గుతుంది.

పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి ట్యాకిల్, అంటే బాల్ ఉన్నోడిని పట్టుకుని పడెయ్యడం, వద్దే వద్దు. నడుముకి రెండు పక్కలా రిబ్బన్లు కట్టి అవి లాగే ట్యాగ్ రగ్బీ ఆడించండి. అండర్ 14 నుంచి ట్యాకిల్ ఉండొచ్చు గానీ స్క్రమ్‌లో తోసుకోవడం ఉండదు, ఊరికే పట్టుకుని నిలబడి బాల్ బయటికి తియ్యడమే. బాల్ సైజు కూడా చూసుకోండి, అండర్ 14 దాకా 4వ నంబరు, పైవాళ్ళకి 5. మా దగ్గర ఉన్నదే ఇదండీ అని చిన్నపిల్లలకి 5 నంబరు ఇస్తే చేతుల్లో ఇమడదు, పాసులు పోతాయి, కిందపడ్డ బాల్ మీద నలుగురు దూకుతారు, దెబ్బలు అక్కడే.

వయసు దగ్గరికి వద్దాం, మన దగ్గర పెద్ద రోగం ఇదే. సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటాలో సీటు అనే ఆశతో పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని పదహారు అని దింపేవాళ్ళు ఉన్నారు. క్యారమ్స్‌లో అయితే ఓ మెడల్ పోతుంది అంతే, రగ్బీలో అవతలి పిల్లోడి భుజం ఎముక పోతుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ వాళ్ళు 14, 17, 19 అని మూడు గ్రూపులు పెడతారు, రేపు మన పిల్లలు ఆడాల్సింది అక్కడే, అది నిజమే. అయినా మన సొంత టోర్నీలో గ్యాప్ తగ్గించి 12, 14, 16, 18 అని రెండేసి ఏళ్ళకి ఒక గ్రూపు పెట్టుకోమనే చెప్తా. పద్నాలుగు నిండినోడికీ పదిహేడు నిండబోయేవాడికీ మధ్య ఇరవై కేజీల తేడా ఉండొచ్చు. అలాగే చిన్న గ్రూపు వాడు బాగా ఆడుతున్నాడని పై గ్రూపులో ఆడించడం నిషేధం అని రాసెయ్యండి, పేరెంట్ సంతకం తెచ్చినా సరే.

ప్రూఫ్ కింద ఆధార్ ఒక్కటే చాలదు. పుట్టినప్పుడే తీసుకున్న బర్త్ సర్టిఫికెట్, దాంతో పాటు మొదటి క్లాసులో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, రెండూ కలవాలి. బర్త్ సర్టిఫికెట్‌లో రిజిస్టర్ అయిన తేదీ చూడండి, పుట్టిన తేదీ ఒక్కటి చూసి వదిలెయ్యొద్దు, పదేళ్ళ తర్వాత రిజిస్టర్ చేయించినదైతే అడ్మిషన్ రిజిస్టరే దిక్కు. ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూద్దాం అని కొందరు అంటారు, అందులో ఏడాది అటూ ఇటూ తేడా రావడం మామూలే, ఒక లోకల్ టోర్నీ కోసం పిల్లలకి ఎక్స్‌రేలు తియ్యడం నాకు ఇష్టం లేదు. కాగితాలు వారం ముందే తెప్పించుకుని అన్ని స్కూళ్ళ పీఈటీలూ ఒకే రోజు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఒకరివి ఒకరు చూసుకునేలా పెట్టండి, సగం దొంగ ఎంట్రీలు ఆ టేబుల్ దాకా రావు.

దొరికితే ఏం చెయ్యాలి అన్నది ముందే రాసి ఉండాలి. వయసు తప్పు అని తేలితే ఆ టీమ్ ఆడిన మ్యాచులన్నీ ఓడినట్టు లెక్క, సంతకం పెట్టిన పీఈటీ, హెచ్‌ఎం ఇద్దరికీ ఏడాది పాటు మన టోర్నీల్లో ప్రవేశం లేదు. పిల్లోడి పేరు మైకులో చెప్పొద్దు, ఫోటో గ్రూపులో పెట్టొద్దు. వాడు పెద్దవాళ్ళు చెప్పింది చేశాడు. మన దగ్గర రివర్స్‌లో జరుగుతుంది, పిల్లోడిని అందరి ముందు నిలబెట్టి తిడతారు, సార్ మాత్రం వచ్చే ఏడాది ఇంకో టీమ్‌తో వస్తాడు. ఇది నేను ఒప్పుకోను.

ఇంకో సమస్య ఆటగాళ్ళని వేరే స్కూల్ నుంచి లాక్కోవడం. ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ అని చెప్పి ఆగస్టులో చేర్చుకుని డిసెంబర్లో కప్పు కొట్టేసి తర్వాత వాడి చదువు ఎవరూ పట్టించుకోకపోవడం. ఇది మన ఒక్కరి జబ్బు కాదు, 2018 చివర్లో న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ స్కూళ్ళు ఇలా బయట నుంచి ప్లేయర్లని తెచ్చుకుంటున్న ఒక స్కూల్‌తో అసలు ఆడం అని అందరూ కలిసి తేల్చి చెప్పాల్సి వచ్చింది. అక్కడిదాకా రాకుండా మనం మొదటి ఏడాదే రూలు పెట్టుకోవాలి. జులై 31 లోపు చేరి ఉండాలి, అటెండెన్స్ 75 శాతం ఉండాలి, ఆ ఏడాదే స్కూల్ మారిన వాళ్ళు స్క్వాడ్‌లో ఇద్దరికి మించకూడదు. నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయిన పిల్లల కేసు వేరు, అది గొడవల కమిటీ చూస్తుంది.

గ్రౌండు విషయం కాస్త ఓపిగ్గా చదవండి. గుంటూరు వైపు నల్లరేగడి నేల వానాకాలం కాలికి అంటుకుని లేవనివ్వదు, ఎండాకాలం రాయిలా గట్టిపడి చీలికలు ఇస్తుంది, కాలు అందులో పడితే చీలమండ పోయినట్టే. విజయవాడలో మునిసిపల్ స్టేడియం, కాలేజీ గ్రౌండ్లు కొంచెం నయం గానీ ఎక్కడికి వెళ్ళినా మధ్యలో క్రికెట్ పిచ్ ఉంటుంది, రోలర్ తొక్కి తొక్కి సిమెంట్‌లా అయిపోయి ఉంటుంది. దాని మీద ట్యాకిల్ పడకూడదు. రగ్బీ గ్రౌండు 100 మీటర్ల పొడవు, 70 వెడల్పు దాకా ఉండొచ్చు, అంత కచ్చితంగా ఉండి తీరాలని లేదు, పిల్లలకి చిన్నదే మంచిది, కాబట్టి పిచ్ తగలకుండా పక్కకి జరిపి చిన్నగా గీసుకోండి. చుట్టూ కనీసం ఐదు మీటర్లు ఖాళీ, కాంపౌండ్ గోడ, కరెంటు స్తంభం, పార్క్ చేసిన బస్సు ఏదీ అందులో ఉండకూడదు.

ముందు రోజు సాయంత్రం పిల్లలూ టీచర్లూ చేతులు చాపితే తగిలేంత దూరంలో ఒక వరసలో నిలబడి ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి, ఒక్కొక్కరి చేతిలో ఒక కవరు. సీసా పెంకులు, మేకులు, షామియానా కట్టి వదిలేసిన ఇనుప గూటాలు, కంకర రాళ్ళు, ఏం దొరికితే అది ఏరాలి, మళ్ళీ అడ్డంగా ఇంకోసారి నడవాలి. గూటం తలకాయ మట్టిలో కూరుకుపోయి ఉంటే కంటికి కనపడదు, అరికాలితో నెమ్మదిగా రాసుకుంటూ నడిస్తేనే దొరుకుతుంది. లైన్లు గియ్యడానికి ముగ్గు పిండి వాడండి, సున్నం వద్దు, పిల్లలు ఆ లైన్ మీదే బోర్లా పడతారు, సున్నం కంట్లో పడితే కన్ను కాలుతుంది. ఒరిజినల్ గోల్ పోస్టులు లేవని వెదురు బొంగులు పాతేసి పని కానివ్వకండి, పోస్టులు లేకపోతే కిక్కులు తీసేసి ట్రైలే (గోల్ లైన్ దాటి బాల్‌ని నేలకి ఆనించడం) లెక్కపెట్టుకోండి, ఆట ఏం పాడవదు. పోస్టులు ఉంటే మనిషి ఎత్తు దాకా మందపాటి ఫోమ్ చుట్టాలి.

తేదీలు డిసెంబర్ మొదట్లో పెట్టుకోండి. సమ్మర్ క్యాంప్ అని మే నెలలో, రోహిణి కార్తెలో పెట్టడం ప్రమాదం, బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా. ఎగ్జామ్స్ షెడ్యూల్ చూసుకుని ఒక శని, ఆదివారం పట్టుకోవాలి. ఎనిమిది టీములు అనుకోండి, నాలుగేసి టీముల రెండు పూల్స్, పూల్‌కి ఆరు మ్యాచుల చొప్పున 12. ఒక్కో మ్యాచుకి 25 నిమిషాలు స్లాట్ ఇవ్వాలి. శనివారం మధ్యాహ్నం 3:45 నుంచి నాలుగు, ఆదివారం పొద్దున 7 నుంచి ఎనిమిది అంటే 10:20కి అయిపోతుంది, ఆదివారం సాయంత్రం 3:45 నుంచి 1-2, 3-4, 5-6, 7-8 స్థానాల కోసం నాలుగు. డిసెంబర్లో ఐదున్నర దాటితే వెలుతురు ఉండదు కాబట్టి ఆలస్యం కుదరదు. ఇలా అయితే ప్రతి టీముకీ నాలుగు మ్యాచులు వస్తాయి. నాకౌట్ పెట్టేసి పావుగంటలో ఓడినోడిని ఇంటికి పంపేస్తే తెనాలి నుంచో నందిగామ నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలకి ఏం దక్కింది చెప్పండి. పాయింట్లు సెవెన్స్‌లో వాడే పద్ధతే, గెలిస్తే 3, డ్రా 2, ఓడితే 1, గ్రౌండుకే రాకపోతే 0. ఓడినా ఒక పాయింట్ ఉంది కాబట్టి చివరి మ్యాచుకి కూడా టీమ్ నిలబడుతుంది. సమానం అయితే ముందు వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్ చూడండి, తర్వాత పాయింట్ల తేడా. ఫైనల్ డ్రా అయితే ఎక్కువ ట్రైలు చేసినవాళ్ళు, అవీ సమానమైతే కప్పు ఇద్దరికీ, ఎక్స్‌ట్రా టైమ్ పెట్టి అలిసిపోయిన పిల్లల్ని ఇంకా గుద్దుకోమనడం వద్దు.

స్క్వాడ్‌లో ఉన్న 12 మందీ రోజుకి కనీసం ఒక హాఫ్ ఆడి తీరాలి, ఆడించకపోతే టీముకి ఒక పాయింట్ కట్. బెంచీ మీద రెండు రోజులు కూర్చుని టీ షర్ట్ మడతపెట్టుకుని వెళ్ళే పిల్లోడు మళ్ళీ గ్రౌండుకి రాడు.

తలకి దెబ్బ విషయంలో నేను ఎవరి మాటా వినను, మీరూ వినొద్దు. తల తిరుగుతోంది అన్నా, వాంతి వచ్చినా, మాట తడబడినా, కళ్ళు ఎటో ఖాళీగా చూస్తున్నా, లేచి రాంగ్ సైడుకి నడిచినా వెంటనే బయటికి. మనం ఏ గ్రౌండులో ఉన్నాం, ఇప్పుడు ఏ హాఫ్, ఇందాక ట్రై ఎవరు చేశారు అని అడగండి, తప్పు చెప్తే సరే తెలిసిపోతుంది, కరెక్టుగా చెప్పినా సరే అనుమానం ఉంటే బయటే. ఆ రోజు మళ్ళీ దిగడం లేదు, ఫైనల్ అయినా, కెప్టెన్ అయినా. బయటికి పంపే పవర్ రిఫరీకి, డాక్టర్‌కి, ఏ టీచర్‌కైనా ఉండాలి, లోపలికి పంపే పవర్ మాత్రం కోచ్‌కి ఉండకూడదు. తర్వాత మూడు వారాల లోపు మ్యాచ్ లేదు, ఆ పైన కూడా డాక్టర్ చూసి రాసిస్తేనే. అదే రోజు పేరెంట్‌కి ఫోన్ చేసి, రాత్రి పిల్లోడిని ఒంటరిగా వదలొద్దు, తలనొప్పి పెరిగినా వాంతులైనా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి అని చెప్పాలి. హాస్టల్ పిల్లోడైతే వార్డెన్‌కి కాగితం మీద రాసివ్వాలి. మెడ నొప్పి అన్నా, చేతులు తిమ్మిరి అన్నా కదపొద్దు, నలుగురు ఎత్తుకుని పరిగెత్తడం మన అలవాటు, అది ఆపాలి. 108 వచ్చేదాకా ఆట ఆగుతుంది, అంతే. గ్రౌండు గేటు తాళం ఎవరి దగ్గర ఉందో, అంబులెన్స్ లోపలికి వచ్చే దారిలో ఎవరి బైకులు పెట్టారో పొద్దున్నే చూసుకోండి. మౌత్‌గార్డ్ లేనోడు ట్యాకిల్ మ్యాచ్ ఆడడు, ఇది ఖర్చే గానీ ఎంట్రీ ఫీజు మానేసైనా స్పాన్సర్ డబ్బుతో ముందు ఇవి కొనండి.

మన పిల్లల్లో చాలామంది కబడ్డీ నుంచి వస్తారు, భయం ఉండదు, పట్టు బాగుంటుంది. కానీ కబడ్డీలో పట్టుకున్నోడిని వదలకూడదు, రగ్బీలో కిందపడగానే వదిలెయ్యాలి, వదలకపోతే పెనాల్టీ. కబడ్డీలో భుజంతో డ్యాష్ ఇస్తే చప్పట్లు, ఇక్కడ చేతులు చుట్టకుండా గుద్దితే ఫౌల్. రిఫరీ మ్యాచ్ ముందు ఐదు నిమిషాలు ఈ రెండూ చేసి చూపించాలి. తల ఎక్కడ పెట్టాలో కూడా చూపించాలి, పరిగెత్తే వాడి ముందుకి కాదు, వెనక వైపు, చెంప వాడి తుంటికి ఆనుకునేలా. ట్యాకిల్ ఎత్తు రొమ్ము ఎముక కిందకే అని మన రూల్స్‌లో రాయండి, భుజాల పైన పట్టుకోవడం ఎలాగూ అందరికీ ఫౌలే. ఇంగ్లండ్, న్యూజిలాండ్ లాంటి చోట్ల కూడా 2023 నుంచి క్లబ్ లెవెల్లో ఎత్తు ఇలాగే తగ్గించారు.

రిఫరీ ఎవరు అంటే ఆ మ్యాచ్ ఆడే రెండు స్కూళ్ళకీ సంబంధం లేనివాడు. స్టేట్ అసోసియేషన్‌ని అడగండి, దొరక్కపోతే పీఈటీలే నేర్చుకోవాలి, ఈ ఆటని ప్రపంచమంతా నడిపే వరల్డ్ రగ్బీ వాళ్ళ పాస్‌పోర్ట్ అనే ట్రైనింగ్ సైట్‌లో రూల్స్, కంకషన్ (తలదెబ్బ), ఫస్ట్ ఎయిడ్ కోర్సులు ఫ్రీగా ఉన్నాయి. కంకషన్ కోర్సు చేసిన సర్టిఫికెట్ లేని కోచ్ టచ్‌లైన్ దగ్గర నిలబడకూడదు అని పెట్టండి. రిఫరీతో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే, సార్లు కాదు. పేరెంట్స్ తాడు అవతల. అరిచిన పెద్దమనిషికి ఒకసారి చెప్పి రెండోసారి గేటు చూపించండి, ఎంత పెద్దాయనైనా.

కంప్లైంట్ ఉంటే మ్యాచ్ అయిన అరగంట లోపు కాగితం మీద, పీఈటీ సంతకంతో. విజిల్ నిర్ణయాల మీద అప్పీల్ లేదు, అర్హత మీదా, ప్రవర్తన మీదా మాత్రమే. తీర్పు అదే రోజు, కారణం రెండు లైన్లలో రాసి అన్ని స్కూళ్ళకీ పంపాలి. రెడ్ కార్డ్ వస్తే తర్వాతి మ్యాచ్ లేనట్టే, ఎక్కువ శిక్ష కావాలా అన్నది కమిటీ చూస్తుంది.

అమ్మాయిల టోర్నీ అదే రోజుల్లో అదే గ్రౌండులో అవే టైమింగులతో పెట్టండి, అబ్బాయిల ఫైనల్‌కి ముందు టైంపాస్ మ్యాచ్‌లా కాదు. ఒడిశాలో భువనేశ్వర్ కిస్ (కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) స్కూల్ గిరిజన అబ్బాయిలు 2007లో లండన్ వెళ్ళి అండర్ 14 కప్పు కొట్టారు, మన దేశం అమ్మాయిలు 2019లో సింగపూర్ మీద పదిహేను మంది ఆటలో మొదటి ఇంటర్నేషనల్ విజయం సాధించారు, కాబట్టి మన గురుకులాల పిల్లలు ఆడలేరు అనే మాట నా దగ్గర చెల్లదు. వాళ్ళకి నీళ్ళు వచ్చే టాయిలెట్, తలుపు గడియ పడే డ్రెస్సింగ్ రూమ్, ప్యాడ్స్, ముదురు రంగు షార్ట్స్, ప్రతి టీముతో ఒక మేడమ్ తప్పనిసరి. అబ్బాయైనా అమ్మాయైనా ఏ పిల్లలతోనూ పెద్దవాళ్ళు గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఏదైనా అనుమానం వస్తే లోపల లోపల సర్దుబాటు చేసెయ్యడం నేరం, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పాల్సిందే. ఆ బాధ్యత ఎవరిదో పేరుతో సహా రూల్స్ కాగితంలో ఉండాలి.

తిండి సింపుల్‌గా, పొద్దున అరటిపండు, ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, మధ్యమధ్యలో మజ్జిగ, ఓఆర్ఎస్. బిర్యానీ ఫైనల్ అయ్యాక పెట్టండి. చీఫ్ గెస్ట్ రాలేదని మ్యాచ్ ఆపొద్దు, వార్మప్ చేసిన పిల్లలు ముప్పావుగంట కూర్చుంటే కండరాలు పట్టేస్తాయి, ఆయన వచ్చినప్పుడు ఏ మ్యాచ్ నడుస్తుంటే ఆ మ్యాచ్ హాఫ్‌టైమ్‌లో పరిచయం చేస్తే సరిపోతుంది.

సర్టిఫికెట్ మీద ఇన్విటేషన్ టోర్నమెంట్ అని స్పష్టంగా రాయండి. జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి అనే మాటలు మనకి మనం రాసుకుంటే కుదరదు, రేపు కౌన్సెలింగ్‌లో పిల్లోడు ఆ కాగితం పట్టుకెళ్ళి వెనక్కి రావాల్సి వస్తుంది. డబ్బు లెక్కలకి ఇద్దరి సంతకాలు, వచ్చింది ఎంత, పెట్టింది ఎంత అన్నది వారంలో గ్రూపులో పెట్టాలి.

టోర్నీ అయిన సోమవారం చెయ్యాల్సిన పని ఒకటుంది, అందరూ అలిసిపోయి వదిలేసేది ఇదే. దెబ్బల రిజిస్టర్‌లో ఎవరికి, ఏ మ్యాచులో, ఏ నిమిషంలో, ఎలాంటి ట్యాకిల్‌లో తగిలిందో రాసినవన్నీ ముందేసుకుని కమిటీ కూర్చోవాలి. ఎక్కువ దెబ్బలు ఆదివారం పొద్దున రెండో మ్యాచులో తగిలాయి అని కనపడితే రెండు మ్యాచుల మధ్య గ్యాప్ చాల్లేదని, వచ్చే ఏడాది శనివారం ఇంకో పూట కలపాలని అప్పుడే రాసిపెట్టుకోవాలి. ఏ పిల్లోడి పేజీ వాడి హెచ్‌ఎంకి, పేరెంట్‌కి పంపి, అందింది అని సంతకం తీసుకుని ఫైల్లో పెట్టండి.